బ్యారేజీ నీటి లెక్క తెచ్చే స్క్రిప్టు ఆ రాత్రి ఎందుకు ఆగిపోయింది?

లంకబిడ్డ · శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నేను విజయవాడ కృష్ణలంకలో ఉంటాను. అమ్మానాన్న కొల్లిపర మండలంలో, నది ఒడ్డున ఒక లంకలో ఉంటారు. కొంచెం అరటి, కొంచెం కంద, నాలుగు గేదెలు. వానాకాలంలో మా ఇంటికి అసలైన వార్త ఒక్కటే: ప్రకాశం బ్యారేజీ నుంచి దిగువకు ఎంత నీరు వదులుతున్నారు?

ఆ లెక్క ఒక వెబ్ పేజీలో గంటకోసారి మారుతుంది. నాన్నకు పేజీ తెరిచి చూడడం అలవాటు లేదు. అందుకని నిరుడు పైథాన్‌లో, వెబ్ పేజీలను తెచ్చే రిక్వెస్ట్స్ లైబ్రరీతో చిన్న స్క్రిప్టు (ప్రోగ్రాము) రాశాను. పావుగంటకోసారి పేజీని తెస్తుంది, అవుట్‌ఫ్లో అంకెను వేరు చేస్తుంది. 3,97,000 క్యూసెక్కులు, అంటే మొదటి ప్రమాద హెచ్చరిక స్థాయి దాటితే నాన్న ఫోనుకు సందేశం పంపుతుంది. 5,69,000 దాటితే రెండోది.

పోయిన వారం వరద వచ్చిన రాత్రి ఏ సందేశమూ వెళ్లలేదు. నాన్న రెండు గంటలకు లేచి ఫోను చూసుకున్నారు. ఏమీ రాలేదు కదా అని మళ్లీ పడుకున్నారు. తెల్లవారేసరికి పశువుల పాకలో నీరు. మోకాలి లోతు నీటిలో గేదెలను కరకట్ట మీదికి తోలుకొచ్చారు. మనుషులకూ పశువులకూ ఏమీ కాలేదు. కంద చేను మాత్రం పోయింది.

లాగ్ ఫైలులో చివరి వరుస రాత్రి 11:45ది. ఆ తర్వాత ఒక్క ముక్క లేదు. ఎర్రర్ కూడా లేదు. పొద్దున నేను చూసేసరికి స్క్రిప్టు ఇంకా నడుస్తున్నట్టే ఉంది. తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోకుండా దాన్ని మళ్లీ నాన్నకు అప్పగించలేను. దయచేసి చెప్పండి.

బ్రాడీపేట_నాలుగోలైను · శనివారం, రాత్రి 9:32

ముందు ఒకే ప్రశ్న. గెట్ రిక్వెస్టు (పేజీని అడిగే విన్నపం) పంపే చోట టైమౌట్, అంటే ఎంతసేపు ఎదురుచూడాలన్న గడువు, ఇచ్చారా?

లంకబిడ్డ · శనివారం, రాత్రి 9:35

లేదండీ. చిరునామా ఒక్కటే ఇచ్చాను. లైబ్రరీలోనే ఎంతో కొంత గడువు ఉంటుందనుకున్నాను.

బ్రాడీపేట_నాలుగోలైను · శనివారం, రాత్రి 10:05

ఉండదు. కారణం దాదాపుగా అదే అయి ఉంటుంది. మనం చెప్పకపోతే రిక్వెస్ట్స్ ఎంతసేపైనా ఎదురుచూస్తుంది. అవతలి యంత్రం కనెక్షన్‌ను పద్ధతిగా మూసివేస్తే మన వైపు తెలుస్తుంది. కానీ అక్కడ కరెంటు పోయినా, దారి మధ్యలో ఒక రూటరు ఆగిపోయినా ఆ ముగింపు మాట మన దాకా చేరదు. మన సాకెట్టు (మన వైపు కనెక్షన్ కొస), జవాబు వస్తుందని నమ్మి అలాగే కూర్చుంటుంది. మీది ఒకే లూపు (తిరిగి తిరిగి నడిచే వరుస) కాబట్టి 12:00 వంతూ, 12:15 వంతూ ఆ ఒక్క రిక్వెస్టు వెనుకే నిలబడిపోయాయి. ఎర్రర్ రానిది అందుకే. దాని దృష్టిలో ఇంకా ఏమీ తప్పు జరగలేదు.

టైమౌట్‌కు రెండు అంకెలు ఇవ్వవచ్చు. మొదటిది కనెక్షన్ కుదరడానికి, రెండోది జవాబు కోసం. నేను 3.05, 27 అని పెడతాను. టీసీపీలో (ఇంటర్నెట్ డేటాను చేరవేసే పద్ధతి) పోయిన ప్యాకెట్టును తిరిగి పంపే వ్యవధి మామూలుగా 3 సెకన్లు అని, దానికంటే కాస్త ఎక్కువ ఉంచమని ఆ లైబ్రరీ పత్రాల్లోనే సలహా ఉంది.

ఇంకొక సంగతి చాలామంది పొరపాటు పడేది. ఆ 27 సెకన్లు మొత్తం పనికి గడువు కాదు. ఒక తునకకూ మరో తునకకూ మధ్య గరిష్ఠ ఎడం మాత్రమే. సర్వరు ఇరవై సెకన్లకు ఒక్కొక్క బైటు చొప్పున పంపుతూ పోతే టైమౌట్ ఎప్పటికీ పడదు. వరద రోజుల్లో కిక్కిరిసిన సర్వర్లు అలా చుక్కలు చుక్కలుగా జవాబివ్వడం నేను చూశాను. కాబట్టి లూపు తీసేయండి. ఒకసారి తెచ్చి ముగిసిపోయే స్క్రిప్టుగా మార్చి, చెప్పిన వేళకు పనిని మొదలుపెట్టే క్రాన్‌తో నడపండి. దాని ముందు లినక్స్‌లో ఉండే టైమౌట్ ఆదేశం పెట్టి 60 సెకన్లు దాటితే ఆపేయమనండి. ఒక వంతు చచ్చిపోయినా తర్వాతి వంతు కొత్తగా పుడుతుంది.

పటమట_పైథాన్ · శనివారం, రాత్రి 10:40

నా సలహా వేరు. టైమౌట్ 2 సెకన్లు పెట్టండి. రాకపోతే వెంటనే మళ్లీ, మళ్లీ, వచ్చేదాకా అడగండి. పది థ్రెడ్లు (పక్కపక్కన నడిచే పనులు) ఒకేసారి వదిలితే ఏదో ఒకటి దారి చేసుకుంటుంది. అడుగుతున్నది ఎవరో సర్వరుకు చెప్పే యూజర్ ఏజెంట్ హెడర్‌లో క్రోమ్ బ్రౌజరు పేరు పెట్టండి, అప్పుడు స్క్రిప్టు అని ఆపరు. ప్రాణాల మీదికి వచ్చే విషయంలో మొహమాటం అనవసరం.

గొల్లపూడి_నెట్‌వర్క్ · శనివారం, రాత్రి 11:15

పటమట గారూ, మీ ఆందోళన అర్థమైంది. కానీ ఈ సలహాను నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను.

2024 సెప్టెంబరు మొదటి రోజులు గుర్తు చేసుకోండి. బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇటు బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. ఆ రాత్రి ఊరంతా ఫోన్లు పట్టుకుని అవే నాలుగు పేజీలు తెరుస్తూ కూర్చుంది. సర్వరు మీద బరువు ఎక్కువగా ఉన్న గడియ, ఆ అంకె అందరికీ అవసరమైన గడియ ఒక్కటే. మీ స్క్రిప్టు పది చేతులతో తలుపు బాదితే వెనకబడేది ఇంకొక లంకలో ఇంకొక నాన్న.

మళ్లీ అడగడం తప్పు కాదు, దానికి పద్ధతి ఉంది. మొదటిసారి విఫలమైతే 2 సెకన్లు ఆగండి, తర్వాత 4, తర్వాత 8. నాలుగు ప్రయత్నాలతో ఆ వంతు వదిలేయండి. ఆ ఆగే సమయానికి కొంత యాదృచ్ఛిక వ్యవధి కూడా కలపండి. లేకపోతే ఒకేసారి విఫలమైన వందమంది మళ్లీ ఒకే సెకనులో తిరిగి వస్తారు. ఇదంతా చేత్తో రాయనక్కరలేదు. రిక్వెస్ట్స్ కింద పనిచేసే యూఆర్ఎల్‌లిబ్3లో రీట్రై అనే క్లాసు ఉంది. సెషన్ ఒకటి తెరిచి దానికి ఆ రీట్రై ఉన్న అడాప్టరును తగిలిస్తే చాలు. యాదృచ్ఛికంగా కలిపే ఏర్పాటు దాని 2.0 వెర్షన్ నుంచి ఉంది.

సర్వరు ప్రతి జవాబుతో ఒక అంకెల కోడు పంపుతుంది. ఏ కోడుకు మళ్లీ అడగాలో కూడా తెలియాలి. సర్వరు వైపు తప్పులైన 500, 502, 503, 504 వస్తే కాసేపటికి బాగుపడవచ్చు. 404, అంటే ఆ పేజీ లేదని, వస్తే వందసార్లు అడిగినా అదే వస్తుంది. 403 అంటే వద్దని చెప్పినట్టు. 429 అంటే మీరు మరీ ఎక్కువగా అడుగుతున్నారని. ఆ కోడును 2012లో ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 6585 చేర్చింది. 429తో గానీ 503తో గానీ రీట్రై ఆఫ్టర్ అనే హెడర్ వస్తే అందులో ఎన్ని సెకన్లు ఆగమంటే అన్ని సెకన్లు ఆగాలి. పైన చెప్పిన క్లాసు ఆ హెడర్‌ను తనంతట తానే పాటిస్తుంది.

పేజీ మారేది గంటకోసారి అన్నారు. అలాంటప్పుడు సర్వరు ఇటాగ్ హెడర్ (పేజీ కూర్పుకు గుర్తు) ఇస్తోందేమో చూడండి. ఇస్తే దాన్ని దాచుకుని, తర్వాతి రిక్వెస్టులో ఇఫ్ నన్ మ్యాచ్ అనే హెడర్‌గా పంపండి. పేజీ మారకపోతే 304 అని ఒక్క మాట వస్తుంది, పేజీ మొత్తం రాదు. వాళ్లకూ బరువు తగ్గుతుంది, మీకూ డేటా మిగులుతుంది.

యూజర్ ఏజెంట్‌లో క్రోమ్ పేరు కాదు, స్క్రిప్టు పేరు, మిమ్మల్ని అందుకునే ఈమెయిల్ పెట్టండి. ఆ సర్వరును చూసుకునే మనిషికి ఇబ్బంది కలిగితే ఆపేసే ముందు మీకు ఒక మాట చెప్పే వీలుంటుంది.

పటమట_పైథాన్ · శనివారం, రాత్రి 11:28

ఇంకొక నాన్న అన్న మాట నన్ను ఆపింది. థ్రెడ్ల సలహా వెనక్కు తీసుకుంటున్నాను. పైన దాన్ని చదివినవారు పాటించవద్దు.

తెనాలి_టెస్టరు · ఆదివారం, ఉదయం 6:50

లంకబిడ్డ గారూ, టైమౌట్ ఒక్కటీ సరిచేసి ఊరుకోకండి. నాకు మిగతా స్క్రిప్టు మీద కూడా అనుమానంగా ఉంది. మూడు విషయాలు అడుగుతాను.

స్టేటస్ కోడ్ 200 (అంతా సరిగ్గా ఉందనే కోడు) వస్తే అంకె నిజమేనని అనుకుంటున్నారా? సైటు మరమ్మతులో ఉంది అనే పేజీ కూడా చాలా చోట్ల 200తోనే వస్తుంది. రెయిజ్ ఫర్ స్టేటస్ అని పిలిస్తే 400, 500 వరుసలు పట్టుబడతాయి గానీ ఇది పట్టుబడదు. పేజీలో మీకు కావలసిన వరుస ఉందా, అందులో అంకె ఉందా, ఆ అంకె నమ్మదగినంతలో ఉందా అని మీరే పరీక్షించాలి.

రెండోది. ఆ అంకె ఏ సమయానిది? పేజీలో లెక్క తీసుకున్న గంట రాసి ఉంటుంది కదా, దాన్ని కూడా చదవండి. సాయంత్రం ఆరు గంటల అంకె అర్ధరాత్రి దాకా అలాగే నిలిచి ఉంటే అది నిలకడగా ఉన్న నది కాదు, నవీకరించని పేజీ.

మూడోది. 3,97,000లోని కామాలను ఏం చేశారు?

లంకబిడ్డ · ఆదివారం, ఉదయం 8:20

మీ మూడో ప్రశ్న చదివి స్క్రిప్టు తెరిచాను. చేతులు చల్లబడ్డాయి. కామాలు తీసేశాను, కానీ పూర్ణాంకంగా మార్చలేదు. రెండు వైపులా అక్షరాల వరుసగానే పోల్చాను.

జులైలో ఒకసారి ప్రవాహం 98,000 ఉన్నప్పుడు నాన్నకు ప్రమాద హెచ్చరిక వెళ్లింది. పేజీలోనే తప్పు పడిందనుకున్నాను. ఇప్పుడు అర్థమైంది. అక్షరాలుగా చూస్తే 98000లో మొదటిది 9, 397000లో మొదటిది 3. తొమ్మిది పెద్దది కాబట్టి హెచ్చరిక వెళ్లింది. ఇలాగే ఉంటే 11,00,000 వచ్చిన రోజు 1తో మొదలవుతుంది కాబట్టి చిన్నదిగా తేలేది. నది అంత పెద్దదైన రోజున నా స్క్రిప్టు ఏమీ భయం లేదని ఊరుకునేది.

ఆ జులై హెచ్చరికకు నాన్న ఒక్కరే రాత్రిపూట గేదెలన్నిటినీ కట్ట మీదికి తోలారు.

అమరావతిరోడ్డు_మాస్టారు · ఆదివారం, ఉదయం 9:05

బాబూ, దొరికింది కదా, అది చాలు. పూర్ణాంకంగా మార్చు. మార్చలేకపోతే వచ్చే ఎర్రర్‌ను దాచవద్దు. ఎక్సెప్ట్ అని రాసి కింద పాస్ అని వదిలేసి, తప్పు వచ్చినా పట్టించుకోకుండా సాగే వరుస నీ స్క్రిప్టులో ఎక్కడైనా ఉంటే ఇవాళే తీసెయ్యి. నేను ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పాను. పిల్లల ప్రోగ్రాముల్లో ఎక్కువ కీడు చేసిన వరుస అదే.

నాకు అసలు కలత పెట్టింది వేరే. మీ నాన్నగారు రెండు గంటలకు లేచి, సందేశం లేదు కాబట్టి నీరు లేదనుకున్నారు. ఆయన తప్పేమీ లేదు, నువ్వు చేసిన ఏర్పాటుకు అర్థమే అది. ప్రమాదం లేనప్పుడూ మౌనమే, స్క్రిప్టు చచ్చిపోయినప్పుడూ మౌనమే. ఆ రెండు మౌనాలనూ వేరు చెయ్యి. కొత్త లెక్క అంది రెండు గంటలు దాటితే, సమాచారం అందడం లేదు, మీరే కట్ట దగ్గరికి వెళ్లి చూసుకోండి అని సందేశం పోవాలి. దాన్ని పంపేది ఈ స్క్రిప్టు కాకూడదు, ఇంకొకటి కావాలి. వేరే యంత్రం మీద, వేరే చోట. పాత స్క్రిప్టు ప్రతి వంతు ముగిశాక దానికి ఒక రిక్వెస్టు పంపి, ఫలానా గంట లెక్క అందింది అని చెప్పాలి. చెప్పడం మానేస్తే రెండోది మేలుకోవాలి.

రేపల్లె_రైతుకొడుకు · ఆదివారం, ఉదయం 10:30

చర్చ మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. మాదీ నది పక్క ఊరే కాబట్టి ఇలాంటిదే రాయబోతున్నాను. నేను తెచ్చే పేజీలో దిగువకు అనే తెలుగు మాట ఉన్న వరుసను వెతకాలి. బ్రౌజరులో చక్కగా కనిపిస్తుంది. స్క్రిప్టులో మాత్రం మీద గీత ఉన్న ఇంగ్లీషు a (à), పక్కన డిగ్రీల సున్నా (°), ఇవే మళ్లీ మళ్లీ వస్తున్నాయి. వెతికితే దొరకదు.

బ్రాడీపేట_నాలుగోలైను · ఆదివారం, ఉదయం 11:10

ఆ రెండు గుర్తులు కనబడితే చాలు, జబ్బు తెలిసిపోతుంది. యూనికోడ్‌లో తెలుగుకు ఇచ్చిన చోట్లు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ (0C00–0C7F) దాకా. వాటిలో ఏ అక్షరమైనా, ఏ గుణింతపు గుర్తైనా యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) మూడు బైట్లు తీసుకుంటుంది. మొదటి బైటు ఎప్పుడూ ఈ0 (E0). రెండోది బీ0 (B0) గానీ బీ1 (B1) గానీ. ఆ బైట్లను లాటిన్-1 (ఐఎస్ఓ-8859-1) అనే పాత పద్ధతిలో చదివితే ఈ0 అంటే గీత ఉన్న a, బీ0 అంటే డిగ్రీ గుర్తు. అదే మీకు కనిపిస్తోంది. దిగువకు అనే మాటలో గుణింతాలతో కలిపి ఏడు గుర్తులున్నాయి. అంటే 21 బైట్లు. మీ స్క్రిప్టు దాన్ని 21 వేరువేరు అక్షరాలుగా చూస్తోంది. అందులో కొన్ని కంటికి కూడా కనబడవు.

కారణం సర్వరు పంపే కంటెంట్ టైప్ హెడర్. అందులో టెక్స్ట్ అని ఉండి, చార్‌సెట్ (అక్షరాల పద్ధతి పేరు) చెప్పకపోతే రిక్వెస్ట్స్ దాన్ని ఐఎస్ఓ-8859-1 అనుకుంటుంది. 1999 నాటి ఆర్ఎఫ్‌సీ 2616లో నియమం అలా ఉండేది. 2014లో వచ్చిన కొత్త పత్రాలు ఆ నియమాన్ని తీసేశాయి, లైబ్రరీ మాత్రం పాత అలవాటు ఉంచుకుంది. జవాబు వచ్చాక, టెక్స్ట్ అని అడిగే ముందు, దాని ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8 అని మీరే పెట్టండి. లేదా కంటెంట్ అని అడిగి బైట్లనే తీసుకుని హెచ్‌టీఎంఎల్ పార్సరుకు ఇవ్వండి. పేజీ లోపల మెటా ట్యాగులో ఉన్న మాటను అది చదువుకుంటుంది.

రేపల్లె_రైతుకొడుకు · ఆదివారం, ఉదయం 11:22

ఒక్క వరుసతో దొరికింది. రెండు రోజులుగా తల పట్టుకున్నాను. ధన్యవాదాలండీ.

లంకబిడ్డ · ఆదివారం, మధ్యాహ్నం 3:45

ఇప్పటికి ఇంతవరకు చేశాను: లూపు తీసి క్రాన్, రెండు అంకెల టైమౌట్, సెషన్ మీద రీట్రై, కామాలు తీసి పూర్ణాంకం, లెక్క గంట పరీక్ష.

ఇప్పుడు సందేశం పంపే వైపు ఒక సందేహం. అది పోస్ట్ రిక్వెస్టు, అంటే అవతలికి ఏదైనా పంపేది. దానికి కూడా అదే సెషన్ వాడితే రీట్రై పనిచేయడం లేదు.

గొల్లపూడి_నెట్‌వర్క్ · ఆదివారం, సాయంత్రం 4:20

కావాలనే అలా చేశారు. గెట్ ఎన్నిసార్లు పంపినా అవతల ఏమీ మారదు. పోస్ట్ పంపిన ప్రతిసారీ ఒక పని జరగవచ్చు. అందుకే రీట్రై క్లాసు, అవతలికి చేరి ఉండగల పోస్ట్‌ను తనంతట తాను మళ్లీ పంపదు.

ఇక్కడే టైమౌట్‌లోని ఆ రెండు అంకెల తేడా పనికొస్తుంది. కనెక్షన్ దగ్గరే గడువు తీరితే రిక్వెస్టు అవతలికి చేరనే లేదు. నిశ్చింతగా మళ్లీ పంపవచ్చు. జవాబు కోసం చూస్తుండగా గడువు తీరితే, సందేశం వెళ్లిందో లేదో మీకు తెలియదు. డబ్బు చెల్లింపు అయితే అక్కడ ఆగిపోయి, వెళ్లిందో లేదో విచారించుకోవాలి.

తెనాలి_టెస్టరు · ఆదివారం, సాయంత్రం 4:48

ఇది డబ్బు కాదు కదండీ. వరద హెచ్చరిక రెండుసార్లు వెళితే నాన్నగారికి ఒక నిద్ర చెడుతుంది. ఒక్కసారీ వెళ్లకపోతే ఏమవుతుందో పైన చదివాం. మళ్లీ పంపాల్సిందే. సందేశాలు పంపే సేవ మీ వైపు నుంచి ఒక విశిష్ట సంఖ్యను తీసుకుని ఒకేలాంటివి రెండోసారి పంపకుండా చూసుకుంటుందేమో కనుక్కోండి. అలాంటి వీలు లేకపోతే సందేశంలోనే లెక్క గంట రాయండి. రాత్రి 1 గంట లెక్క: 4,12,000 అని రెండుసార్లు వచ్చినా అది ఒకటేనని ఆయనకు తెలుస్తుంది.

గొల్లపూడి_నెట్‌వర్క్ · ఆదివారం, సాయంత్రం 5:02

ఒప్పుకుంటాను. ఇక్కడ మళ్లీ పంపడమే సరైనది. మూడుసార్లకు మించకుండా.

కృష్ణలంక_పాతకాపు · ఆదివారం, రాత్రి 7:15

నాకు ఎస్ఎస్ఎల్ (సురక్షిత కనెక్షన్) ఎర్రర్ వచ్చినప్పుడు వెరిఫై అనే దాన్ని ఫాల్స్ చేస్తే పనైపోయింది. అవసరమైతే వాడండి.

బ్రాడీపేట_నాలుగోలైను · ఆదివారం, రాత్రి 7:40

దయచేసి వద్దు. అది ఫాల్స్ చేస్తే మీరు మాట్లాడుతున్నది ఆ సర్వరుతోనేనా అన్న పరీక్ష పోతుంది. దారిలో ఎవరు అంకె మార్చినా మీకు తెలియదు. ఎర్రర్ వస్తే నమ్మదగిన సర్టిఫికెట్ల జాబితా ఉండే సర్టిఫై ప్యాకేజీని నవీకరించండి, యంత్రంలో తేదీ సరిగ్గా ఉందో చూడండి. అవతలి సర్టిఫికెట్టు గడువే తీరి ఉంటే, ఆ వంతుకు సమాచారం అందలేదని లెక్కవేయండి. మాస్టారు చెప్పిన రెండో స్క్రిప్టు ఉన్నది అందుకే కదా.

అమరావతిరోడ్డు_మాస్టారు · ఆదివారం, రాత్రి 8:10

ఆ రెండో దాన్ని ఎక్కడ పెడుతున్నావు బాబూ? ఇంట్లో పెట్టకు. కృష్ణలంకలో కరెంటు తీసేసిన రాత్రే నీకు అది కావాలి.

లంకబిడ్డ · మంగళవారం, రాత్రి 9:30

రెండో స్క్రిప్టును అద్దెకు తీసుకున్న ఒక క్లౌడ్ యంత్రంలో పెట్టాను మాస్టారూ. మొదటి రోజే పొరపాటు జరిగింది. ఆ యంత్రం గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంది, పేజీలో గంట మన సమయం. అయిదున్నర గంటల తేడా వల్ల అప్పుడే అందిన లెక్క కూడా ఇంకా రాని గంటదిగా కనిపించింది. ఇప్పుడు రెండు వైపులా సమయంతో పాటు కాలమండలం కూడా రాసి పోలుస్తున్నాను.

నిన్న రాత్రి నాన్నకు చెప్పకుండా పరీక్షించాను. పదింటికి ఇంట్లో రూటరు తీగ తీసేసి కూర్చున్నాను. పన్నెండు దాటి నాలుగు నిమిషాలకు నాన్న ఫోను చేశారు. సమాచారం అందడం లేదని వచ్చిందిరా, నేను టార్చి తీసుకుని కట్ట దగ్గరికి వచ్చాను, నీరు రాయి కిందే ఉంది అన్నారు. కట్ట మెట్ల దగ్గర ఒక రాయికి ఆయన సున్నం గీత పెట్టుకున్నారట. ఆ సంగతి నాకు ఇన్నాళ్లూ తెలియదు. పరీక్ష అని చెప్పి క్షమించమన్నాను. నెలకోసారి ఇలా చెయ్యి, ముందుగా మాత్రం చెప్పకు అన్నారు.

రేపల్లె_రైతుకొడుకు · మంగళవారం, రాత్రి 9:52

స్క్రిప్టు నాకూ ఇవ్వగలరా అన్నగారూ? మా వైపు ఇంకో ముగ్గురు అడుగుతున్నారు.

లంకబిడ్డ · మంగళవారం, రాత్రి 10:10

రేపు ఫైలు ఇక్కడే పెడతాను తమ్ముడూ. యూజర్ ఏజెంట్‌లో నా ఈమెయిల్ తీసి మీది పెట్టుకో. క్రాన్‌లో నాది గంట దాటాక 4వ నిమిషం. నువ్వు 7 తీసుకో. మీ వాళ్లు ముగ్గురికీ 11, 16, 21 ఇవ్వు. అందరం ఒకే నిమిషంలో ఆ పేజీ మీద పడవద్దు.